పాలకపక్ష మేల యోడెను?

(ఖమ్మము పట్టణమున నొక పఠనమందిరమునం దీయబడిన యుపన్యాసము)



2004 వ సంవత్సరము మే 13 వ తేదిన లోక్‌సభ ఎన్నికల ఫలితములు వెల్లడియైనప్పుడు ఓడినవారికే గాక గెలిచినవారికిని ఆశ్చర్యము కలిగెను. వాజపేయిగారి నాయకత్వమున నున్న కూటమి, గడువు తీరకమునుపే, ఫిబ్రవరి 6 న లోక్‌సభను రద్దుచేయించి, విజయము చేతికి వచ్చినట్లే యెన్నికలకు వెడలెను. ఫలితములను ముందుగా లెక్కగట్టిన వారిలో పెక్కురు ఆ కూటమికే జయ మనిరి. తుదకు భారతీయ జనతాపక్షమునకు 138 స్థానములును, కాంగ్రెసునకు 145 స్థానములును లభించెను.

అంతకు రెండుదినములు ముందే, మే 11 న, ఆంధ్రప్రదేశ్ శాసనసభలో తెలుగుదేశము 47 స్థానములకు దిగిపోయెను. 1999 లో ఆ పక్షమునకు 180 స్థానము లుండెను. లోక్‌సభలో దాని బలము 29 నుండి 5 కు తగ్గెను. ఆ 29 మందియే ఢిల్లీ ప్రభుత్వమునకు వెలుపలనుండి యూతయిచ్చిన పెద్ద స్తంభము. స్తంభము విరిగినపిదప కప్పు నిలుచునా?

ఈ యోటమికి కారణ మేమి? ప్రజలు కృతఘ్నులని కొందరనిరి. ఓడినవారి కింతకంటె సులభమైన యోదార్పు లేదు. పాలకులు చెప్పిన వన్నియు అసత్యములు గావు. రాజమార్గములు వెడల్పయ్యెను, టెలిఫోనులు పెరిగెను, హైదరాబాదున క్రొత్త సౌధములు లేచెను. 2003-04 లో దేశాదాయము నూటికి సుమారు 8 వంతున పెరిగెను. కాని 2002 లో వానలు లేక దేశమెల్ల కరవున క్రుంగిన సంగతి మరువరాదు. పడినవాడు లేచి నిలుచుండుటను చూచువాడు ఎదుగుదల యనును. పడినవానికి మాత్రము తగిలిన దెబ్బయే జ్ఞాపకముండును. అట్టి సమయమున దేశము వెలుగుచున్నదని పత్రికలయందును, గోడలమీదను చాటింపు జరిగెను. దీపము లేని యింటివానికి పొరుగింటి దీపమును చూపి నీ యిల్లు వెలుగుచున్నదన్న నాతడు సంతసించునా? తన చీకటి మరింత స్పష్టముగ కానవచ్చును గదా!

మన సమీపమునందే చూడుడు. ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచ దాటి, బూర్గంపాడు కడ గోదావరి నెక్కి భద్రాచలము చేరి, దుమ్ముగూడెము, చర్ల దెసకు నడచినకొలది అడవి దట్టమగును. అచటి కోయలు తరతరములుగ పోడు కొట్టి జొన్నయు మొక్కజొన్నయు పండించుకొనుచు, వేసవిలో తునికాకు కోసి, ఇప్పపూవు నేరి జీవించుచున్నారు. 2002 మే 3 వ తేదిన కేంద్ర అటవీశాఖ రాష్ట్రములకు నొక సర్క్యులరు పంపెను. అటవీభూములలోని అనర్హమైన ఆక్రమణల నన్నిటిని సెప్టెంబరు 30 లోపల తొలగింపవలయునని దాని సారాంశము. తాత కొట్టిన పోడునకు పట్టా లేనివాడు కాగితమునందు ఆక్రమణదారు డయ్యెను. కరవుకాలముననే యీ బెదరింపు వచ్చెను.

ఎన్నికలు ముంచుకొని వచ్చినప్పుడు గాని మేలుకొలుపు కలుగలేదు. 2004 ఫిబ్రవరి 5 న, అనగా లోక్‌సభ రద్దునకు ముందుదినమున, గిరిజనుల హక్కులను గుర్తింపవలయునని ఆ శాఖయే మరియొక సర్క్యులరు వెలువరించెను. అదే నెల 23 న సుప్రీంకోర్టు దానిని నిలిపివేసెను. రెండేండ్లు బెదరించిన చేయి యెన్నికల ముంగిట దీవించినచో ఆ దీవెన నెవ్వరు నమ్ముదురు? అప్పటి భద్రాచలము లోక్‌సభ నియోజకవర్గము ఖమ్మము, తూర్పు గోదావరి, విశాఖ మన్యములయందు వ్యాపించి యుండెను. 1999 లో దానిని గెలిచినది తెలుగుదేశము; 2004 లో గెలిచినది మార్క్సిస్టు పక్షమునకు చెందిన మిడియం బాబూరావుగారు. ఈ సర్క్యులరొక్కటియే ఆ ఫలితమును తెచ్చినదని నే ననను. విద్యుచ్ఛక్తి ధరల పెంపును, 2000 ఆగస్టులో హైదరాబాదు బషీరుబాగున జరిగిన పోలీసు కాల్పులును, బావులక్రింది రైతుల బాధలును రాష్ట్రమెల్ల వ్యాపించిన కారణములు.

అయినను, పేదలు ధనికులకు బుద్ధి చెప్పిరని తృప్తిపడుట సత్యములో సగమే యగును. అంకెలు మరియొక సంగతి చెప్పుచున్నవి. రాష్ట్రమున తెలుగుదేశమునకు నూటికి సుమారు 44 గా నున్న ఓట్లు 38 కి దిగినమాట నిజము. కాని కాంగ్రెసు ఓట్లును సుమారు 41 నుండి 39 కి తగ్గెను! తక్కువ ఓట్లతో నెక్కువ స్థానము లెట్లు వచ్చెను? తెలంగాణ రాష్ట్ర సమితితోను, ఉభయ కమ్యూనిస్టు పక్షములతోను స్థానములు పంచుకొనుటచేత వచ్చెను. ఆ సమితి యెక్కడినుండి పుట్టెను? తెలుగుదేశమువారి యింటనుండియే. శాసనసభ ఉపాధ్యక్షపదవి వదలి 2001 ఏప్రిల్ 27 న చంద్రశేఖరరావుగారు దానిని స్థాపించిరి. తమిళనాటను కథ యిట్టిదే. 2003 డిసెంబరులో ద్రవిడ మున్నేట్ర కళగము ఢిల్లీ కూటమిని వీడెను. ఎన్నికలలో ఆ రాష్ట్రపు 39 స్థానములును ఎదుటిపక్షమునకు పోయెను.

కావున ప్రజల యలుకయు, మిత్రుల యెడబాటును వేరువేరు కారణములని తోచినను, వాని మూల మొక్కటియే యని నా యభిప్రాయము. తన స్తోత్రమును తానే వినుచుండు ప్రభుత్వమునకు చెవుడు వచ్చును. ఆ చెవిలో పోడురైతు మొరయు దూరదు. ఇంటిలోనివాని గొణుగుడును దూరదు. తాను లేనిదే లోకము గడవదని నమ్మినవానికి స్నేహితు డవసరముగ తోపడు.

గెలిచినవారు కొంతకాలము పాఠము చదివిరి. గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2005 లో వచ్చి, 2006 ఫిబ్రవరి 2 న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో నమలునకు ప్రారంభమయ్యెను. 2006 లో చేయబడిన అటవీహక్కుల చట్టము 2007 డిసెంబరు 31 నుండి అమలులోనికి వచ్చెను. అడవియందలి యోటు వ్యర్థము గాలేదు. అయినను ఆ కాంగ్రెసే 2014 లో 44 స్థానములకు కుదించుకొనిపోయెను. చట్టము చేయుట వేరు, చేలో హద్దురాయి పాతుట వేరు. మొన్న 2023 లో, పదేండ్లకు దగ్గరగా తెలంగాణము నేలిన పక్షము పూర్వపు ఖమ్మము జిల్లా పది శాసనసభా స్థానములలో తొమ్మిదింట నోడి, భద్రాచల మొక్కటి మాత్రము గెలుచుకొనెను. అడవి మాట పట్టణపు మాటతో నెప్పుడు నేకీభవించునని తలపరాదు. అడిగిననే గాని అది తెలియదు.

మహాశయులారా! ఈ చెవుడు పాలకులకు మాత్రమే కలుగునది గాదు. ప్రకటనలు చదివి దేశమును తెలిసికొంటిమనుకొను చదువరులకును కలుగును. 2004 లో విస్మయపడినవా రెవరు? పత్రికలు వ్రాసినవారును, చదివినవారును. తునికాకు కట్టలు కట్టుచున్నవారు విస్మయపడి యుండరు. ఎన్నికలు అయిదేండ్ల కొకమారు వచ్చును. ఆకలియు, అటవీశాఖ నోటీసును అయిదేండ్లు కాచుకొని యుండవు. కావున ఓటమి వచ్చినపిదప కారణములు వెదకుటకంటె, ఏటేట గోదావరి దాటి గ్రామసభలో కూర్చుండి, పట్టా యెవరికి వచ్చెను, ఎవరికి రాలేదు, కూలి యెన్నినాళ్లకు ముట్టెనని యడిగి, ఆ సమాధానములను ఈ మందిరమున వ్రాసి పెట్టుడు. పాలకులు వానిని చదువుదురో లేదో. చదువనివారు మాత్రము మే నెలలో మరల ఆశ్చర్యపడుదురు.