ల్యాప్‌టాప్ స్లో అయిందని వాచ్‌మన్‌ని తీసేస్తామా?

డ్యూటీల వల్ల ఎపిసోడ్ వినడానికి టైం దొరకనోళ్ల కోసం, ఈ వారం నేను మాట్లాడింది ఇక్కడ రాసి పెడుతున్నా.

ముందే చెప్తున్నా, నేను కంప్యూటర్ ఇంజనీర్‌ని కాదు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసి దోహా వచ్చినోణ్ని. ఇప్పుడు సైట్‌లో సూపర్‌వైజర్‌ని. పోయిన వారం ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, నా ల్యాప్‌టాప్ మస్తు స్లో అయింది. యాంటీవైరస్ తీసేస్తే స్పీడ్ వస్తదంటున్నరు, తీసెయ్యనా?" అని. ఆ తమ్ముడికి జవాబు చెప్పాలంటే నేను చేసిన తప్పు ముందు చెప్పాలి.

ఆరేళ్ల కిందటి మాట. సైట్ ఆఫీసులో నాకు ఒక పాత ల్యాప్‌టాప్ ఇచ్చారు. 4 జీబీ ర్యామ్, తిరిగే రకం హార్డ్ డిస్క్. పొద్దున ఆన్ చేసి, చాయ్ తాగి, హాజరు తీసుకుని వచ్చినా ఇంకా సున్నా చుట్టుతూనే ఉండేది. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం. పైనే 'యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్' అని కనబడేది. అది విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్. దొంగ దొరికాడనుకున్నా. ఆపితే కొంతసేపటికి దానంతట అదే మళ్లీ ఆన్ అయ్యేది. ఒక వీడియో చూసి డ్రైవులన్నీ ఎక్స్‌క్లూజన్‌లో పెట్టేశా. అంటే, 'ఇక్కడ దేన్నీ చూడకు' అని చెప్పడం. ల్యాప్‌టాప్ కాస్త కదిలింది. నేను సంబరపడ్డా.

మన క్యాంపుల్లో పెన్‌డ్రైవ్ సంగతి మీకు తెలుసు. కొత్త సినిమా వస్తే ఒక్క పెన్‌డ్రైవ్ ఇరవై చేతులు మారుతుంది. నా పెన్‌డ్రైవ్ కూడా అట్లాగే తిరిగింది. అందులోనే 42 మంది ఓటీ టైంషీట్ ఉంది. ల్యాప్‌టాప్ స్లో అని ఇంకో కాపీ కూడా పెట్టుకోలేదు.

నెలాఖరుకు తెరిచి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి. ఏది నొక్కినా ఫైల్ తెరుచుకోదు. భయమేసింది. వైరస్ పోవాలంటే ఫార్మాట్ కొట్టాలని ఎవరో అన్నారు, కొట్టేశా. తర్వాత తెలిసింది, ఆ రకం వైరస్ ఫైళ్లను చెరపదు, దాచిపెడుతుంది అంతే. తెలిసినోడి చేతిలో పెడితే ఫైళ్లు వెనక్కి వచ్చేవి. వైరస్ దాచినదాన్ని నేనే నా చేత్తో తుడిచేశా.

మూడు రాత్రులు కూర్చుని ఆ నెల లెక్క మళ్లీ రాశాం. గేటు రిజిస్టర్ చూశాం. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక స్టీల్ ఫిక్సర్ పెద్దాయన రోజూ చిన్న డైరీలో రెండు గంటలు, మూడు గంటలు అని గీసుకునేవాడు. ఆయన డైరీ వల్ల ఆ గ్యాంగ్ మొత్తం బయటపడింది. ఇద్దరి గంటలకు మాత్రం ఏ రుజువూ దొరకలేదు. ఆఫీసు ఒప్పుకోలేదు. నా జీతంలోంచి ఇస్తానన్నా. ఒకతను తీసుకున్నాడు. ఇంకొకతను తీసుకోలేదు. "మీరు రాస్తున్నరు కదా అని నేను రాసుకోలేదన్నా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలదు.

ఇక అసలు విషయానికి వద్దాం. యాంటీవైరస్ ఎందుకు బరువవుతుంది? మన సైట్ గేటు దగ్గర వాచ్‌మన్ వచ్చే ప్రతి బండినీ ఆపి చూస్తాడు కదా, ఇదీ అంతే. మీరు తెరిచే ప్రతి ఫైల్‌నీ అది ముందు చదువుతుంది. ఫుల్ స్కాన్ అంటే లోపలున్న సరుకంతా దింపి చూడటం. ఎస్‌ఎస్‌డీ ఉన్న మెషిన్‌లో పెద్దగా తెలియదు. పాత హార్డ్ డిస్క్ ఒంటి లైను రోడ్డు లాంటిది, స్కాన్ బండ్లు, మన పని బండ్లు అన్నీ ఒక్క దాంట్లోనే పోవాలి. జామ్ అయ్యేది అక్కడ. వాచ్‌మన్‌ని తీసేస్తే రోడ్డు వెడల్పు కాదు.

రెండో సంగతి. నా రూమ్మేట్ ఒకతను భయంతో రెండు ఫ్రీ యాంటీవైరస్‌లు వేశాడు. గేటుకి ఇద్దరు వాచ్‌మన్‌లు, ఒకడు చూసిన బండిని ఇంకొకడు మళ్లీ ఆపుతాడు, ఒకణ్నొకడు కూడా అనుమానిస్తాడు. బయటిది ఒకటి వేస్తే డిఫెండర్ దానంతట అదే పక్కకు తప్పుకుంటుంది. బయటివి రెండు పెడితేనే తంటా. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువైపోయి ఊరికే పడుంటే దాన్నీ తీసేయండి. తీసి, రీస్టార్ట్ చేసి, విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆన్ అయిందో లేదో కళ్లతో చూడండి.

ఇప్పుడు నేను చేస్తున్నది చెప్తా. ఒక్కటే యాంటీవైరస్, అదీ డిఫెండరే. నేను సొంతంగా కొన్న పాత ల్యాప్‌టాప్‌కి హార్డ్ డిస్క్ మార్చి ఎస్‌ఎస్‌డీ వేయించా, ర్యామ్ 8 జీబీ చేయించా. ఆరు నిమిషాలు పట్టేది ఇప్పుడు ఒక్క నిమిషంలో తెరుచుకుంటుంది. డిఫెండర్ ఖాళీగా ఉన్నప్పుడు స్కాన్ చేసుకోవాలని చూస్తుంది. మనం పనయిన వెంటనే మూత వేసేస్తే దానికి ఖాళీ ఎక్కడిది? ఇక్కడ జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పదింటి నుంచి మూడున్నర వరకు ఎండలో పని బంద్ కదా. ఆ టైంలో ఛార్జర్ పెట్టి, మూత తెరిచి, స్కాన్ నొక్కి వదిలేస్తా. మిగతా నెలల్లో శుక్రవారం. పెన్‌డ్రైవ్ ఎవరిదైనా సరే, పెట్టగానే రైట్ క్లిక్ చేసి స్కాన్ చేశాకే తెరుస్తా. టైంషీట్ రెండు చోట్ల ఉంటుంది, ప్రింట్ మూడోది.

ఫోన్ల మాట కూడా చెప్పాలి, మనోళ్లలో ఎక్కువమందికి ఫోనే కంప్యూటర్. 'మీ ఫోన్‌లో 13 వైరస్‌లు' అని ఎర్రగా బొమ్మ వస్తే అది వెబ్‌సైట్ వేసిన ప్రకటన. వెబ్‌సైట్‌కి మీ ఫోన్ లోపల స్కాన్ చేసే దారి లేదు. 2014లో 'వైరస్ షీల్డ్' అని ఒక ఆప్ పైసలకు అమ్మారు, పదివేల మందికి పైగా దించుకున్నారు. అది చేసే పని ఒక్కటే, తెరమీద గుర్తు మార్చడం. 2019లో ఏవీ-కంపారిటివ్స్ అనే ఆస్ట్రియా సంస్థ 250 ఆండ్రాయిడ్ యాంటీవైరస్ ఆప్‌లను పరీక్షిస్తే, చెడ్డ ఆప్‌లలో 30 శాతం కన్నా ఎక్కువ పట్టినవి 80 మాత్రమే. మిగతావి మన బ్యాటరీ, డేటా తినడానికే. ఆండ్రాయిడ్‌లో ప్లే ప్రొటెక్ట్ ముందే ఉంటుంది, ఆన్‌లో ఉంచండి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ ముట్టకండి, పెళ్లి పత్రిక అన్నా, బ్యాంకు కేవైసీ అన్నా సరే. క్లీనర్ అని చెప్పుకునే ఆప్ మెసేజ్‌లు చదవనివ్వమని, యాక్సెసిబిలిటీ ఇవ్వమని అడిగిందంటే అది మీ ఓటీపీ మీద కన్నేసిందనే అనుకోండి. ఇంటికి పంపాల్సిన జీతం ఆ ఫోన్‌లోనే ఉంది.

కాబట్టి తమ్మీ, తీసెయ్యకు. ముందు టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్, మెమరీ ఎంత చూపిస్తున్నాయో ఫొటో తీసి పంపు, కలిసి చూద్దాం. ఈ మాట వింటున్న మిగతా తమ్ముళ్లకు ఇంకొక్కటి. మీ ఓటీ గంటలు ఏ సూపర్‌వైజర్ రాసినా, నాలాంటోడు రాసినా సరే, మీ జేబులో ఒక చిన్న డైరీ పెట్టుకుని మీరూ రాసుకోండి. ఆ పెద్దాయన నాకు నేర్పింది అదే.

వచ్చే వారం కలుద్దాం. జాగ్రత్త.