తోక బరువు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 నేను 1986 టెన్త్ బ్యాచ్.

కార్యదర్శి గారు ఫోన్ చేసి "మీ ఉద్యోగం గురించి చెప్పండి, పిల్లలకు ఉపయోగంగా ఉంటుంది" అన్నారు. ముప్పై ఏళ్లుగా నేను గీస్తున్నవి పంపుల డ్రాయింగులు, గేర్‌బాక్సుల డ్రాయింగులు. భోజనాలకు ముందు వాటి గురించి మాట్లాడితే సగం మంది నిద్రపోతారు, మిగతా సగం మంది వంటశాల వైపు వెళతారు. అందుకని ఆదివారాలు నేను చేసే పని గురించి చెబుతాను. రేడియోతో నడిపే చిన్న విమానాలు కడతాను, ఎగరేస్తాను, అప్పుడప్పుడూ విరగ్గొడతాను. ఈ విషయమే ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన బడికి నేనొక మాట బాకీ ఉన్నాను. దాన్ని ఇవాళ ఈ మైకులోనే తీర్చుకోవాలి.

ఆరేళ్ల కిందట, మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా, ఒక కిట్టు కొన్నాను. రెక్క విమానం పైభాగాన ఉండే రకం. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అదే మంచిది, కాస్త వంగినా తనంతట తాను సర్దుకుంటుంది. రెక్కల కొస నుంచి కొసకు 120 సెంటీమీటర్లు, రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు, బ్యాటరీతో కలిపి కిలో పైచిలుకు బరువు. పెట్టె విప్పితే రెండు రెక్క ముక్కలు, ఒక పొట్ట, తోక, మోటారు, గుప్పెడు స్క్రూలు. "గంటలో బిగించేయొచ్చు" అని పెట్టె మీద రాసుంది. నాకు మూడు రాత్రులు పట్టింది. ఇంజనీరుని కదా!

బిగించడంలో కష్టం ఏమీ లేదు, ఓపికే కావాలి. రెక్కల్ని, తోకని కదిలించే చిన్న మోటార్లను సర్వోలంటారు. వాటికి కడ్డీలు తగిలించేముందు కరెంటిచ్చి, అవి మధ్యలో నిలిచాయో లేదో చూసుకోవాలి. తొందరపడి ముందే బిగిస్తే విమానం పుట్టుకతోనే ఒక పక్కకు లాగుతుంది. చేతిలోని కర్రను ఎడమకు నెడితే ఎడమ రెక్క మీది పలక పైకి లేవాలి, కుడి రెక్కది కిందికి దిగాలి. ఇది తిరగబడి ఉంటే నేల మీద ఎవరికీ తెలియదు. గాల్లోకి లేచాక తెలుస్తుంది, అప్పటికి మనం చేయగలిగింది ఉండదు. రేడియో సంకేతం తెగిపోతే మోటారు తనంతట తాను ఆగిపోయేలా ముందే అమర్చుకోవాలి.

బ్యాటరీలో మూడు సెల్స్. ఒక్కోటి 3.7 వోల్టులు, కలిపి 11.1. నిండుగా ఛార్జి చేస్తే 12.6. నా బ్యాటరీ 2200 మిల్లీ ఆంపియర్ అవర్లది. మోటారు సగటున 15 ఆంపియర్లు లాగుతుందనుకుంటే లెక్కప్రకారం తొమ్మిది నిమిషాలు రావాలి. కానీ బ్యాటరీని పూర్తిగా పిండేస్తే పాడైపోతుంది. అందుకని ఏడు నిమిషాలకే దింపేస్తాను. ఆ ఏడు నిమిషాల కోసం తెల్లవారుజామున నాలుగింటికి లేచి, నలభై కిలోమీటర్లు వెళ్లే మనిషిని మా ఆవిడ ఏమంటుందో ఇక్కడ చెప్పను.

అంత దూరం ఎందుకంటే, హైదరాబాద్‌లో ఎటు చూసినా విమానాశ్రయమే. బేగంపేట, శంషాబాద్, హకీంపేట, దుండిగల్. 2021లో వచ్చిన డ్రోన్ నియమాల తర్వాత ఎక్కడ ఎగరేయవచ్చో, ఎక్కడ అనుమతి కావాలో, ఎక్కడ అసలు కూడదో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో డిజిటల్ స్కై పటం చూపిస్తుంది. అది చూడకుండా పెట్టె విప్పకూడదు. బొమ్మే కదా అనుకోవద్దు. కిలో బరువున్న వస్తువు వేగంగా వచ్చి తగిలితే తల పగులుతుంది. మోటారు మీదున్న పంకా వేలిని తెంపగలదు.

ఇక అసలు సంగతికి వస్తాను. కిట్టులో వచ్చినట్టే బిగించిన నా విమానం మొదటి ఆదివారం చక్కగా ఎగిరింది. దాంతో నాలోని ఇంజనీరు ఊరుకోలేదు, మార్పులు మొదలుపెట్టాను. మేం ఎగరేసేది కోత కోసిన జొన్నచేలో. కిట్టుతో వచ్చిన చక్రాలు చిన్నవి, మోళ్లకు తట్టుకుంటున్నాయి. ముందు పెద్ద చక్రాలు వేశాను. అది మంచి మార్పే. తర్వాత తోక చక్రం కూడా పెద్దది పెట్టాను. ఆ తర్వాత అందం కోసం తోక చుట్టూ చిన్న లైట్లు, వాటికి తీగలు, ఆ తీగల మీద టేపు. రెండో ఆదివారం విమానం నేల వదలగానే ముక్కు పైకెత్తింది. నేను కిందికి నెడుతున్నా ఇంకా ఎత్తింది. క్షణం సేపు గాల్లో నిలబడి, వేగమంతా పోగొట్టుకుని, ఎడమ రెక్క వాల్చి చేలో పడింది.

ఇంటికి తెచ్చి అతికిస్తుంటే మా అమ్మాయి వచ్చింది. రెక్క కింద, ముందంచు నుంచి ఆరు సెంటీమీటర్ల దగ్గర రెండు పక్కలా రెండు వేళ్లు పెట్టి విమానాన్ని లేపింది. తోక దభీమని కిందికి వాలింది.

మన టెన్త్ భౌతికశాస్త్రంలో గరిమనాభి అని చదువుకున్నాం, గుర్తుందా? వస్తువు బరువంతా ఒకచోటే ఉన్నట్టు ప్రవర్తించే బిందువు. ఇలాంటి విమానానికి ఆ బిందువు రెక్క వెడల్పులో ముందునుంచి సుమారు నాలుగో వంతుకీ మూడో వంతుకీ మధ్య ఉండాలి. నా విమానానికైతే ఐదు నుంచి ఆరున్నర సెంటీమీటర్లు. బిందువు కాస్త ముందుకు జరిగితే విమానం బద్ధకంగా ఎగురుతుంది, అయినా ఎగురుతుంది. వెనక్కి జరిగితే మాత్రం ముక్కు కొంచెం లేచినప్పుడు సర్దుకునే బదులు ఇంకా లేస్తుంది. చివరికి నేను చూసిందే జరుగుతుంది.

అమ్మాయి వంటింట్లోంచి త్రాసు తెచ్చి, తోకకు నేను కలిపినవన్నీ విప్పి తూచింది. 18 గ్రాములు. ఓ మూడు చెంచాల ఉప్పంత. కానీ తోక ఉన్నది గరిమనాభికి 60 సెంటీమీటర్ల వెనక. పద్దెనిమిదిని అరవైతో గుణిస్తే 1080. దానికి సరితూగాలంటే 15 సెంటీమీటర్ల ముందున్న ముక్కులో 72 గ్రాములు వేయాలి. మీటల సూత్రం, అంతే. పొడుగు చివరన వేసిన చిటికెడు బరువు, పొట్టి చివరన నాలుగింతలు అడుగుతుంది. ముక్కులో సీసం నింపేకంటే తోకలో చెత్త తీసేయడం నయమని లైట్లు పీకేశాం.

అప్పుడు అమ్మాయి అడిగింది, "నాన్నా, పడిపోగానే మోటారు బాలేదన్నావు, గాలి అన్నావు, కిట్టు నాసిరకం అన్నావు. నువ్వు కలిపినవాటి సంగతి ఎందుకు చెప్పలేదు?"

ఆ ప్రశ్న నన్ను 1985కి, ఈ గ్రౌండుకే తీసుకొచ్చింది.

ఆ ఏడు జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనకు మన బడి నుంచి ఇద్దరం ఒక విమానం చేశాం. జీలుగు బెండు, వెదురు పుల్లలు, గాలిపటం కాగితం, తిప్పి వదిలితే పంకా తిరిగేలా రబ్బరు. రెక్క నా మిత్రుడు చేశాడు. నేను పొట్ట, తోక చేశాను. సైన్స్ మాస్టారి ముందు వరండా ఈ చివర నుంచి ఆ చివరకు ఎగిరింది. మర్నాడు ప్రార్థన తర్వాత హెడ్మాస్టారు చూస్తారన్నారు. ఆ రాత్రి నేనొక్కడినే కూర్చుని డాల్డా డబ్బా రేకు కత్తిరించి, దాని మీద ఎనామిల్ రంగుతో బడి పేరు రాసి, తోకకు జెండాలా బిగించాను. ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే అందరూ చూసి ఆశ్చర్యపోవాలని.

ఆశ్చర్యపోయారు. విమానం ముక్కెత్తి, నిలబడి, వెనక్కి పడింది. రెక్క విరిగింది. మాస్టారు "రెక్క చేసిందెవర్రా?" అన్నారు. నా మిత్రుడు చెయ్యెత్తాడు. రెక్క బలహీనంగా ఉందని అందరూ తేల్చారు. జిల్లా ప్రదర్శనకు వాడి పేరు తీసేశారు. నేను నీటి వడపోత నమూనాతో వెళ్లి ప్రశంసాపత్రం తెచ్చుకున్నాను. దాన్ని ఫ్రేము కట్టించి మా నాన్నగారు ముందు గదిలో తగిలించారు. వాడు మళ్లీ సైన్స్ గదిలో ఏ నమూనా ముట్టుకోలేదు.

జెండా వల్లే పడిందని నాకు అప్పుడు తెలియదనే చాలా ఏళ్లు చెప్పుకున్నాను. లెక్క తెలియదు, నిజమే. కానీ నిన్న ఎగిరింది, ఇవాళ పడింది, మధ్యలో జరిగిన మార్పు ఒక్కటే, అది నేను చేసిందే. అంతమాత్రం పదిహేనేళ్ల కుర్రాడికి తెలియకపోదు.

అమ్మాయి అడిగిన రోజే వచ్చి వాడితో చెప్పానా అంటే, లేదు. నాలుగేళ్లు పట్టింది. రెండేళ్ల కిందట సంక్రాంతికి వచ్చినప్పుడు మన బస్టాండు వెనక వాడి మోటార్ వైండింగ్ షాపుకు వెళ్లాను. రైతుల బోరు మోటార్లకు తీగ చుడుతున్నాడు. స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పాను. చేతిలో పని ఆపకుండా విన్నాడు. చివరికి "నాకు ఆరోజే తెలుసురా" అన్నాడు. "విరిగిన ముక్కలు ఏరింది నేనే కదా. నీ రంగు పూర్తిగా ఆరలేదు, నా వేళ్లకంటింది."

"మరి మాస్టారితో ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను."

దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. వాడే కాసేపటికి టీ తెప్పించి, "ఆ విమానం మోటారు ఒకటి తీసుకురా, తీగ ఎలా చుట్టారో చూడాలి" అన్నాడు. ఇప్పుడు నా విమానాల్లో మాడిపోయిన మోటార్లకు తీగ చుట్టేది వాడే. ఆ వేళ్లలో ఉన్న నేర్పు మా డిజైన్ ఆఫీసులో ఎవరికీ లేదు. ఆ నేర్పుకు సైన్స్ గది తలుపు మూసుకుపోవడంలో నా 1985 నాటి మౌనం ఉంది.

మాస్టారూ, మీరు ముందు వరుసలో కూర్చున్నారు. మీకు ఆ రోజు గుర్తుందో లేదో నాకు తెలియదు. ఆ రెక్కలో లోపం లేదు. తోకలో రేకు పెట్టింది నేను. వాడు నాలుగో వరుసలో ఉన్నాడు. ఈ మాట అందరి ముందూ పోయింది కాబట్టి అందరి ముందే చెప్పాలనిపించింది.

చివరిగా ఒక ప్రతిపాదన. హెడ్మాస్టారు గారు ఒప్పుకున్నారు. వచ్చే జూన్ నుంచి నెలకో ఆదివారం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు మేమిద్దరం విమానాలు కట్టడం నేర్పుతాం. ముందు బెండుతో, తర్వాత రేడియోతో. ప్రతి విమానానికీ ఒక నోటుపుస్తకం ఉంటుంది. ఎవరు ఏం మార్చినా అందులో తేదీ, బరువు, పేరు రాయాలి. రాశాక రెండు వేళ్ల మీద నిలబెట్టి చూడాలి. పడిపోతే ముందు ఆ పుస్తకం తెరవాలి, ఆ తర్వాతే మాట్లాడాలి. మార్కులుండవు, తిట్లూ ఉండవు. పాత విద్యార్థులు సాయం చేయదలిస్తే డబ్బుకంటే ముందు ఒక మంచి త్రాసు ఇవ్వండి, గ్రాము తేడా చూపించేది.

సాయంత్రం ఐదింటికి గ్రౌండులో ఎగరేసి చూపిస్తాం. ఇక్కడ ఎగరేయవచ్చని పటం చూసుకునే వచ్చాం. దయచేసి అందరూ వేపచెట్టు వైపే ఉండండి, విమానం రెండో వైపు ఉంటుంది. గాలి ఎక్కువగా ఉంటే ఎగరేయం, బిగించడం మాత్రమే చూపిస్తాం. ఈసారి రెక్క నేను చేశాను. తోక వాడు చేశాడు.