అనుమతి లేదు: ఎవరికి? ఎక్కడ?

పల్నాటి రాజుపాలెము రైతు ఒకడు తన మిరప బస్తాలను గుంటూరు శీతల గిడ్డంగిలో ఉంచెననుకొందము. సరకునకు యజమాని తానే. ఇంటిలో తన మాటకు ఎదురు లేదు. అయినను గిడ్డంగి గుమ్మమున చీటీ చూపనిదే బస్తా కదలదు. పదిమంది సొత్తు ఒకచోట నున్నప్పుడు కాపలా ఇట్లే యుండవలెను.

నేటి కంప్యూటరు గదులలోను ఇదే న్యాయము. ఒక యంత్రములో పెక్కు యంత్రములున్నట్లు పనిచేయించు ఏర్పాటునకు వర్చువల్ మెషీన్ అని పేరు. సాధారణముగా దాని డిస్కు ఒక పెద్ద ఫైలు. ఆ ఫైలును దూరపు ఉమ్మడి సర్వరులో ఉంచినచో, నడుపు యంత్రము చెడినను మరియొకటి దానిని అందుకొనగలదు. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ రూపొందించిన ఎన్ఎఫ్ఎస్ పద్ధతి ఇందుకు మిక్కిలి వాడుకలో నున్నది. కాని క్రొత్తగా ప్రయత్నించువారికి తరచుగా ఎదురగు సమాధానము "అనుమతి లేదు" అని.

"నేను రూట్‌ను, సర్వాధికారిని గదా!" అని ఆశ్చర్యము కలుగును. ముఖ్య కారణములు మూడు.

మొదటిది, రూట్ అధికారము తన యంత్రపు గడప వరకే. సర్వరులో రూట్ స్క్వాష్ అను కట్టుబాటు మామూలుగా అమలులో నుండును. పొరుగు యంత్రపు రూట్‌ను అది అనామకునిగా, సాధారణముగా 65534 అను సంఖ్యతో, లెక్కించును. లిబ్‌వర్ట్ ఫైలు యాజమాన్యమును మార్చబోయి విఫలమగుట ఇందువలననే.

రెండవది, వర్చువల్ మెషీన్‌ను నడుపు క్యూఎము సాధారణముగా రూట్ పేరున గాక, వేరొక వాడుకరి పేరున నడచును. సర్వరు చూచునది పేరు కాదు, సంఖ్య. ఆ సంఖ్య రెడ్ హ్యాట్, ఫెడోరాలలో 107. డెబియన్, ఉబుంటులలో 64055. ఒకరి ఫైలు రెండవవారికి పరాయిదే.

మూడవది, అంకెలు సరిపోయినను ఎస్ఈలినక్స్ అను రెండవ కావలి అడ్డగింపవచ్చును.

కనుక శోధన క్రమముగా సాగవలెను. ముందు క్యూఎము ఏ సంఖ్యతో నడచుచున్నదో తెలిసికొనుడు. ఆ వాడుకరిగానే ఫైలును తెరచి చూడుడు. ఫైలునకే గాక, దారిలోని ప్రతి డైరెక్టరీకి ప్రవేశానుమతి కలదా యని పరికింపుడు. పిమ్మట సర్వరు వద్దనే ఫైలును ఆ సంఖ్యకు అప్పగింపుడు. అన్ని యంత్రములలోను అదే సంఖ్య ఉండునట్లు చేయుడు. అప్పటికిని కాకున్న, ఆడిట్ చిట్టాను చదివి, ఎస్ఈలినక్స్‌లో "వర్ట్ యూజ్ ఎన్ఎఫ్ఎస్" అను మీటను మాత్రము తెరువుడు, కావలిని తొలగింపవలదు.

అడ్డదారి ఒకటి కలదు. 777 అని వ్రాసి అందరికిని అన్ని హక్కులు ఇచ్చుట, లేదా రూట్ స్క్వాష్‌ను ఎత్తివేయుట. పని తక్షణమే జరుగవచ్చును. కాని ఆ సర్వరులోనే ఆసుపత్రి రోగుల వివరములు, పాఠశాల ఫలితములు ఉండవచ్చును. అనుమతి పొందిన యంత్రములలో ఒక్కటి పరుల చేజిక్కినను, అవి యన్నియు వారి పాలగును.

"అనుమతి లేదు" అను మాట శత్రువు కాదు. ఎవరు, ఏ సంఖ్యతో, ఏ గుమ్మమున అడిగిరో విచారింపుమని అది చెప్పుచున్నది. అడిగినవానికి కావలసినంతయే ఇచ్చుట విజ్ఞుల పద్ధతి.