మాలిష్ గదిలోకి వచ్చే ముందు

(సొసైటీ వార్షిక సమావేశంలో మన ఉచిత కేంద్రం ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)



మన కేంద్రంలో మర్దన చికిత్స ఎలా జరుగుతుందో పదిహేను నిమిషాల్లో చెప్పమన్నారు సెక్రటరీ సాబ్.

పోయిన నెల ఒక హాజీ గారు కేంద్రం చూడటానికి వచ్చారు. అరగంట కూర్చున్నారు. వెళ్తూ వెళ్తూ, "బేటీ, నువ్వు అడిగిందే ఎక్కువ, చెయ్యి వేసింది తక్కువ" అన్నారు. ఆయన చూసింది నిజమే. మొదటి రోజు అలాగే ఉంటుంది. ఏం పని చేస్తారు, నొప్పి పొద్దున ఎక్కువా రాత్రి ఎక్కువా, షుగర్ ఉందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, ఎప్పుడైనా పడ్డారా, ఆడవాళ్లయితే గర్భం ఉందా, ఇవన్నీ అడుగుతాం. తర్వాత నడిపించి చూస్తాం, చెయ్యి ఎత్తించి చూస్తాం. మిషను కుట్టే ఒక ఆపా మెడనొప్పి అని వచ్చింది. మెడ పట్టుకుంటే రాయిలా ఉంది. అసలు తప్పు మాత్రం ఆమె కూర్చునే స్టూలుది. స్టూలు ఎత్తు తక్కువ కావడంతో రోజంతా భుజాలు పైకి లేపి కుడుతోంది. ఆ స్టూలు మార్చకుండా నేను నెల రోజులు మర్దన చేసినా ఆ మెడ మళ్లీ బిగుసుకుంటుంది.

గట్టిగా నొక్కితేనే మాలిష్ అని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. మిర్చి బస్తాలు మోసే హమాలీ సోదరులైతే "ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా" అంటారు. మన యునానీ వైద్యంలో మర్దనను దల్క్ అంటారు. ఇబ్న్ సీనా తన అల్ ఖానూన్‌లో దీన్ని రకాలుగా విడదీశారు. గట్టి మర్దన ఒంటిని బిగిస్తుంది, మెత్తని మర్దన వదులు చేస్తుంది, ఎక్కువసేపు చేస్తే ఒళ్లు తగ్గుతుంది, మధ్యరకంగా చేస్తే పెరుగుతుంది అన్నారు. ఆయన 1037లో పోయారు. ఒత్తిడి ఎంత అనేది మనిషిని బట్టి ఉండాలని అప్పటికే తెలుసు. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి పేరిట ఉన్న యునానీ కాలేజీ లాంటి చోట్ల నేటికీ దల్క్ ఒక చికిత్సగా పాఠాల్లో ఉంది. నేను చదివింది ఫిజియోథెరపీ, దారి వేరు. ఈ ఒక్క మాట మాత్రం రెండు చోట్లా ఒకటే.

అసలు మర్దన చేయకూడని సందర్భాలు ఉన్నాయి. ఇవి మీరు ఇంటికి వెళ్లి చెప్పాలి.

ఒక పిల్లాడు సైకిల్ మీద నుంచి పడ్డాడు, మోచెయ్యి వాచింది. ఎక్స్‌రే తీయించకుండా ఇంట్లోవాళ్లు వారం రోజులు నూనె రాసి గట్టిగా రుద్దించి, చెయ్యి లాగించారు. మోచేతికి దెబ్బ తగిలాక అలా రుద్దితే కండరంలోనే ఎముక పెరగవచ్చు. ఆ పిల్లాడికి అదే జరిగింది. నా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నోటి దాకా రావడం లేదు. వాళ్లమ్మ ప్రేమతోనే చేయించింది, ఆమెను ఏమనగలం?

ఇంకొకటి. ఉమ్రా చేసి వచ్చిన ఒక పెద్దాయనకు ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉంది. "విమానంలో కూర్చుని పట్టేసింది, కాస్త పిసుకు బేటీ" అన్నారు. నేను చెయ్యి వేయలేదు, వెంటనే ఆస్పత్రికి పంపాను. ఆయనకు కోపం వచ్చింది. దూరప్రయాణం తర్వాత ఒక కాలే అలా వాస్తే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు, ప్రాణం పోవచ్చు. స్కాన్‌లో గడ్డ కనబడింది. ఇప్పుడు అల్హందులిల్లాహ్, బాగున్నారు. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవారికి వేడి కాపడం కూడా ప్రమాదమే. కాలినా తెలియదు.

ఇక బల్ల మీద పడుకున్నాక ఏం జరుగుతుందంటే, అవసరమైన భాగం వరకే బట్ట తొలగిస్తాం, మిగతాదంతా దుప్పటి కప్పి ఉంటుంది. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేస్తారు, తోడు వచ్చినవాళ్లు లోపల కూర్చోవచ్చు. నొప్పి తియ్యగా ఉంటే పరవాలేదు. ఊపిరి బిగబట్టాల్సి వస్తే వెంటనే చెప్పాలి. మొహమాటపడి ఓర్చుకోవద్దు. మరునాడు ఒళ్లు కాస్త నొప్పులుగా ఉండవచ్చు, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. నాలుగైదు సార్లు వచ్చినా ఏ మార్పూ లేకపోతే నేనే డాక్టరు గారి దగ్గరికి తిరిగి పంపుతాను. పక్షవాతం వచ్చినవారికి మాలిష్ ఒక్కదానితో చెయ్యి లేవదు, వ్యాయామం కావాలి, నెలలు పడుతుంది. ఇంట్లో చేయమన్న వ్యాయామం చేయనివారికి నేను చేసే పని రెండు రోజులకు మించి నిలవదు. ఇది వినడానికి ఎవరికీ ఇష్టం ఉండదు.

దాతలకు ఒక విన్నపం. "ఏ మిషను కావాలి బేటీ?" అని చాలామంది ప్రేమగా అడుగుతారు. ట్రాక్షన్ బల్ల ఇచ్చారు, కరెంటు పెట్టే మిషన్లు రెండు ఇచ్చారు, వాటిపై మీ వాలిదైన్ పేర్లు రాసి ఉన్నాయి. అల్లాహ్ స్వీకరించుగాక. కానీ ఆ రెండో మిషను మీద ఇంకా ప్లాస్టిక్ కవరు తీయలేదు. దాన్ని నడిపే మనిషి లేదు. ఆడవారికి చేసేది నేనొక్కదాన్నే, వారానికి రెండు రోజులే వీలవుతుంది. మిగతా రోజుల్లో వచ్చిన అక్కలు వెనక్కి వెళ్లిపోతారు. రెండో అమ్మాయికి జీతం కావాలి. పేరు రాయడానికి జీతం మీద చోటు ఉండదని నాకు తెలుసు.

అది కాక ఆటో చార్జీలు. మూడోసారికి రావడం మానేసినవాళ్లను ఫోన్ చేసి అడిగితే, "తగ్గింది" అని అబద్ధం చెప్తారు. మళ్లీ అడిగితే రానూ పోనూ ఆటో డబ్బులు, పోయిన కూలీ సంగతి బయటికి వస్తుంది. చికిత్స ఉచితమే, కేంద్రం దాకా రావడం ఉచితం కాదు. జకాత్ డబ్బు దేనికి వాడొచ్చో మౌలానా సాబ్ చెప్పాలి, అది నా మాట కాదు. నేను అడుగుతున్నది లిల్లాహ్ నుంచి.

వచ్చే సంవత్సరం లెక్కల్లో ఈ రెండు పద్దులు విడిగా రాస్తామని సెక్రటరీ సాబ్ ఒప్పుకున్నారు. రసీదు పుస్తకం బయట బల్ల మీద ఉంది. నడుము నొప్పి ఉన్నవాళ్లు భోజనాల దగ్గర నన్ను పట్టుకోవద్దు, పాత రిపోర్టులు తీసుకుని కేంద్రానికి రండి.