సింహాద్రి అప్పన్న, రాజుల కానుకలు

తూర్పు కనుమల వరుసలోనిదే విశాఖ దగ్గరి సింహాచలం కొండ. ఆ కొండ మీది సింహాద్రి అప్పన్న గుడిని రాజవంశాలు వరుసగా కొలిచాయి.

కొన్ని ఆలయాలు ఒకే వంశంతో ముడిపడి ఉంటాయి: జపాన్‌లో ఇసే ఆలయం చక్రవర్తి వంశానికి మూలదేవత అమతెరాసుది. మన అప్పన్న మాత్రం ఏ ఒక్క వంశానికీ సొంతం కాలేదు. ఈ గుడిలోని చోళ కులోత్తుంగుడి కాలపు శాసనం 11వ శతాబ్ది చివరిది. 13వ శతాబ్దిలో తూర్పు గాంగుల ఏలుబడిలో ఆలయం కొత్త రూపు దిద్దుకుంది. 1516లో కళింగ దండయాత్రకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు రాణి తిరుమలదేవితో కలిసి స్వామిని దర్శించి, తల్లిదండ్రుల పుణ్యం కోరి ముత్యాల హారాలు సమర్పించాడు. ఆ మాట గుడి రాతి మీదే ఉంది.

తర్వాత అనువంశిక ధర్మకర్తలైనవారు విజయనగరం పూసపాటి వంశీయులు. వైశాఖ శుద్ధ తదియనాడు అర్చకులు స్వామి విగ్రహాన్ని కప్పి ఉండే చందనాన్ని వెండి బొరిగెలతో ఒలుస్తారు. స్వామి నిజరూపం కనిపించేది ఏడాదికి ఆ ఒక్క రోజే. తొలి దర్శనం ధర్మకర్తలది. ఆ తర్వాత జనం బారులు తీరుతారు. ఆ రాత్రే మళ్లీ మూడు మణుగుల చందనం పూస్తారు.

రాజ్యాలు పోయినా రాళ్ల మీది రాత మిగిలింది. కొండెక్కినప్పుడు ఆ శాసనాల ముందు ఒక్క నిమిషం ఆగండి. వాటి మీద సున్నం, రంగు పడకుండా చూసుకోవడం మన బాధ్యత. నమస్కారం.