పాత బ్యాంకు భవనము - అది చెప్పు చరిత్ర

(కొత్తపేటలో గ్రామ పంచాయతీ సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మన ఊళ్లలో ప్రతి దేవాలయమునకును ఒక స్థలపురాణము కలదు. చెరువు ఎవరు త్రవ్వించిరో, సత్రము ఎవరు కట్టించిరో చెప్పుటకు ఒక శాసనమో, ముసలివారి మాటయో మిగిలి యుండును. కాని పట్టణపు బజారులో నిలచియున్న పాత బ్యాంకు భవనమునకు మాత్రము స్థలపురాణము వ్రాసినవారు అరుదు. మన తాతలు అప్పు కొరకు పడిగాపులు పడిన చోటు అది. కొబ్బరి అమ్మిన సొమ్ము, ధాన్యము అమ్మిన సొమ్ము దాచుకొనిన చోటు అది. అట్టి భవనములు శిథిలమై కూలుచున్నవి. లేదా కొత్త కట్టడముల కొరకు పడగొట్టబడుచున్నవి. వాని చరిత్ర ఏమి? ఆ చరిత్రతో పంచాయతీకి గల పని ఏమి? ఈ రెండు సంగతులను మనవి చేయదలచితిని.

మొదట భవనమునే చూతము. పాతకాలపు బ్యాంకు కట్టడమును దూరము నుండియే గుర్తింపవచ్చును. గోడలు దళసరివి. కిటికీలకు లావైన ఇనుప కడ్డీలు. లోపల పొడవైన టేకు బల్ల, దాని వెనుక కటకటాల నడుమ సొమ్ము లెక్కించు కాషియరు. ఆ వెనుక కిటికీయే లేని ఒక గది, దానికి ఇనుప తలుపు. దీనినే స్ట్రాంగు రూము అందురు. ఆ తలుపునకు రెండు తాళపుచెవులు. ఒకటి ఒక ఉద్యోగి వద్ద, రెండవది వేరొక ఉద్యోగి వద్ద ఉండును. ఇద్దరును కలసి వచ్చినగాని తలుపు తెరచుకొనదు. నలుగురి సొమ్మును ఒక్కని చేతిలో ఉంచరాదను నియమమునకు ఆ తలుపు రూపము. ఈ పద్ధతి నేటికిని బ్యాంకులలో కలదు. ఊరి నిధికి బాధ్యులైన మీకు దీని అర్థము విప్పి చెప్పనక్కరలేదు.

ఇంత దిట్టముగా ఎందుకు కట్టిరి? దొంగల భయము ఒక్కటియే కారణము కాదు. అది తెలియుటకు కొంత వెనుకకు పోవలెను.

ధవళేశ్వరము వద్ద ఆర్థరు కాటను దొరగారు ఆనకట్ట పనిని 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించిరి. కాలువలు వచ్చినవి. గన్నవరము అక్విడక్టు మీదుగా గోదావరి నీరు పాయను దాటి మన లంకసీమకు చేరినది. బీడు మాగాణి అయినది. అయితే నీరు వచ్చిన చోటికి పెట్టుబడి తనంత తాను రాదు. విత్తనములకు, ఎడ్లకు, కూలికి, శిస్తుకు సొమ్ము కావలెను. పంట కల్లమునకు వచ్చువరకు రైతు చేతిలో రూకలు ఉండవు. అందుచేత ప్రోనోటు వ్రాసి షావుకారు వద్ద అప్పు తెచ్చుకొనెడివాడు. లేదా ధాన్యమునే నాగుకు తెచ్చుకొనెడివాడు. కల్లములోనే సగము గింజలు అప్పు క్రింద కొలిచి ఇచ్చి, మిగిలినవానితో ఇల్లు చేరిన కుటుంబములు ఎన్నియో.

ఆనాడు బ్యాంకులు లేకపోలేదు. 1843లో ఏర్పడిన మద్రాసు బ్యాంకు కాకినాడ రేవులోను, మచిలీపట్నములోను తన శాఖలను నడిపెను. ఆ బ్యాంకు 1921లో ఇంపీరియల్ బ్యాంకులో చేరెను. ఇంపీరియల్ బ్యాంకు 1955 జులై 1వ తేదీన స్టేట్ బ్యాంకు ఆయెను. కాని ఆ రేవు బ్యాంకుల వ్యవహారము ఎగుమతి వర్తకులతోనేగాని రెండెకరముల రైతుతో కాదు. రైతు ఆ మెట్లు ఎక్కుట అరుదు.

రైతు అప్పునకు దారి వెదకుటకు మద్రాసు ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారిని నియమించెను. ఆయన ఐరోపా దేశములలోని గ్రామ సహకార సంఘములను పరిశీలించి 1895లోను, 1897లోను రెండు సంపుటములుగా నివేదిక సమర్పించెను. జర్మనీ దేశమున రైఫైజన్ అను గ్రామాధికారి పేద రైతులచేత పరస్పర హామీపై స్థాపింపజేసిన సంఘములే మనకును మార్గమని ఆయన తేల్చి చెప్పెను. దరిమిలాను 1904లో సహకార పరపతి సంఘముల చట్టమును, 1912లో జిల్లా కేంద్ర బ్యాంకులకు వీలు కల్పించిన చట్టమును వచ్చినవి.

ఈ గాలి తెలుగునాట మచిలీపట్నమున బలముగా వీచెను. అచట వైద్యవృత్తి చేయుచుండిన డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1880లో గుండుగొలనులో జన్మించినవారు. దేశసేవకు దిగిన తరువాత ఆయనకు ఒక సంగతి స్పష్టమాయెను. అప్పులలో మునిగిన రైతునకు ఉపన్యాసము చాలదు, సంస్థ కావలెను. ఆయన పూనికతో 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పడెను. 1923 నవంబరు 20వ తేదీన ఆంధ్రా బ్యాంకు రిజిస్టరు అయి, అదే నెల 28న పని ఆరంభించెను. అధీకృత మూలధనము 10 లక్షల రూపాయలు. చెల్లింపబడిన మూలధనము 1 లక్ష మాత్రమే. 1925లో ఆంధ్రా ఇన్స్యూరెన్సు కంపెనీ, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు అదే పట్నమున వెలసెను. ఒక పెద్ద రేవుగా వన్నె తగ్గిన ఊరిలో ఇన్ని ధన సంస్థలు పుట్టుట గమనింపదగినది.

ఇప్పుడు దళసరి గోడల సంగతికి వత్తము. 1923లో రిజర్వు బ్యాంకు లేదు; అది 1935 ఏప్రిల్ 1వ తేదీన వచ్చినది. డిపాజిట్లకు బీమా లేదు. 1906 అక్టోబరులో మద్రాసునందు గొప్ప పేరుగల ఆర్బత్‌నాటు కంపెనీ దివాలా తీసి, వేలకొలది కుటుంబముల కూడబెట్టిన సొమ్మును మంటగలిపెను. 1913 మొదలు కొన్ని యేండ్లపాటు దేశమున పలు స్వదేశీ బ్యాంకులు కూలెను. అట్టి రోజులలో కొత్తగా పుట్టిన బ్యాంకును నమ్మి నూరు రూపాయలు దాచుమనుట చిన్న మాట కాదు. చట్టము చూపలేని ధైర్యమును జనులకు భవనము చూపవలసి వచ్చెను. ‘మేము రేపు పారిపోవువారము కాము’ అని ఆ గోడలు చెప్పవలసి వచ్చెను.

అయినను గోడలు సొమ్మును కాపాడలేవని తరువాతి చరిత్ర పదే పదే చాటెను. 1938లో తిరువాన్కూరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడెను. 1960లో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడెను. దానితో ప్రభుత్వము మేల్కొని డిపాజిట్ బీమా చట్టమును తెచ్చెను. 1962 జనవరి 1 నుండి ఒక్కొక్క డిపాజిటుదారునకు 1,500 రూపాయల వరకు బీమా కలిగెను. 2020 ఫిబ్రవరి 4 నుండి ఆ పరిమితి 5 లక్షల రూపాయలకు పెరిగెను. నమ్మకము గోడ నుండి చట్టమునకు మారినదన్నమాట. అయితే ఒక్క సంగతి మీరు గ్రామస్థులకు తప్పక చెప్పవలెను. ఈ బీమా బ్యాంకులకు కలదుగాని, ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములలోని డిపాజిట్లకు వర్తింపదు. అచట సభ్యులు మహాజన సభకు హాజరై లెక్కలు అడుగుటయే రక్ష.

మరి ఈ భవనములు పల్లెకు ఎంత మేలు చేసెను? ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ఈ విషయమును లెక్కలతో తేల్చెను. రైతు తెచ్చిన ప్రతి 100 రూపాయల అప్పులో వృత్తిగా వడ్డీ వ్యాపారము చేయువారు ఇచ్చినది సుమారు 45. వ్యవసాయము చేయుచు వడ్డీకి ఇచ్చువారిది సుమారు 25. సహకార సంఘములవి 3, ప్రభుత్వమువి 3. వాణిజ్య బ్యాంకులది ఒక్క రూపాయికి తక్కువ. అనగా భవనము పట్టణములో ఉండెను. అప్పు పల్లెలో ఉండెను. నడుమ దూరము మిగిలెను. 1969 జులై 19న 14 బ్యాంకులు, 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకుతో సహా మరి 6 బ్యాంకులు జాతీయమైన తరువాతనే శాఖలు పల్లెబాట పట్టినవి. అవి ఎక్కువగా అద్దె ఇండ్లలో వెలసెను. దళసరి గోడలు వానికి లేవు. రైతునకు దగ్గరగా ఉండుటయే వాని గొప్ప.

2020 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమాయెను. ఖాతాలు మారినవి, అప్పులు మారినవి, ఉద్యోగులు మారిరి. ఎవరి సొమ్మును పోలేదు. అయినను, 96 సంవత్సరములకు పైగా నడచుచుండిన పేరు బోర్డు మీద నుండి దిగినందుకు పలువురు తెలుగువారు నొచ్చుకొనిరి. ఆ నొప్పి సహజము. ఆస్తిని, అప్పును ఒక సంస్థ నుండి వేరొక సంస్థకు మార్చుటకు చట్టము కలదు. ఆ ఊరి జ్ఞాపకమును మార్చుటకు ఏ చట్టమును లేదు. దానిని ఊరివారే భద్రపరచుకొనవలెను.

ఈ మాట మచిలీపట్నమునకే కాదు, మనకును వర్తించును. అమలాపురము కేంద్రముగా కోనసీమ సహకార కేంద్ర బ్యాంకు అను సంస్థ పనిచేసెను. ఈ పేరు మన పిల్లలలో ఎందరికి తెలియును? రైతుల దీర్ఘకాలిక అప్పుల కొరకు వేరుగా ఉండిన భూమి తనఖా బ్యాంకుల వ్యవస్థ 1987లో వచ్చిన ఏకగవాక్ష విధానముతో తక్కిన సహకార పరపతిలో కలసిపోయెను. వాని షేరు రిజిస్టర్లు, తీర్మానముల పుస్తకములు, చిట్టా ఆవర్జాలు ఎక్కడనున్నవి? మన సీమ నేల తడి నేల, గాలి ఉప్పు గాలి. చెదలు ఒక ఋతువులో అలమార తినివేయును. 1986 ఆగస్టు గోదావరి వరదను, 1996 నవంబరు 6వ తేదీ తుపానును చూచినవారు ఇచటనే ఉన్నారు. అట్టి ఉపద్రవములలో ఇండ్లతోపాటు కాగితములును పోవును. పోయిన ఇల్లు మరల కట్టవచ్చును. పోయిన రిజిస్టరును మరల వ్రాయలేము.

కావున పంచాయతీలు చేయదగిన పనులు కొన్ని మనవి చేసెదను. ఇందు పెద్ద ఖర్చు ఏదియు లేదు.

మొదటిది: మీ ఊరిలో పాత సహకార సంఘ భవనములు, బ్యాంకు భవనములు ఎన్ని కలవో జాబితా వ్రాయుడు. ఎవరి స్థలము, ఎప్పుడు కట్టినది, ఇప్పుడు ఎవరి స్వాధీనము అను వివరములు చేర్చుడు. 80 దాటిన పెద్దలను ఇప్పుడే అడుగుడు. వచ్చే యేటికి వాయిదా వేయకుడు.

రెండవది: పాత కాగితములను పాత సామానుతో పాటు అమ్మివేయనీయకుడు. నేలకు ఎత్తుగా, పొడిచోట ఉంచి, సంఘము వారి అనుమతితో ఫొటోలు తీయించుడు. కాని ఇందు ఒక జాగ్రత్త అవసరము. అప్పు రిజిస్టరులో ఎవరి తాత భూమి తాకట్టు పెట్టెనో, ఎవరి భార్య నగ కుదువ పడెనో ఉండును. అది ఆ కుటుంబముల గుట్టు. ఊరి చరిత్రకు కావలసినది ఎంత వడ్డీ, ఏ పంటకు అప్పు, ఏ యేట బకాయి అను సంగతులేగాని, ఎవరు బాకీదారులను పేర్లు కావు. పేర్లు బయట పెట్టి ఎవరినీ చిన్నబుచ్చరాదు.

మూడవది: భవనము పాతబడినదనిన మాత్రముననే పడగొట్టుటకు తీర్మానము చేయకుడు. ముందు ఇంజనీరుచేత పరీక్ష చేయింపుడు. గానుగ సున్నముతో కట్టిన గోడకు సిమెంటు పూత పూసినచో లోపలి చెమ్మ బయటికి పోలేక ఇటుక చెడును. సున్నపు గోడకు సున్నమే మందు. కప్పు మీద మొలచిన రావి మొక్కను ఈ యేడే వేరుతో తీయించుట, వచ్చే యేట గోడను నిలబెట్టుకొనుటకన్న చవుక. నిలుపదగిన భవనమైనచో సొంతదారుల సమ్మతితో గ్రంథాలయమునకో, మహిళా సంఘముల సమావేశములకో ఉపయోగింపవచ్చును. అది ప్రమాదకరముగా ఉన్నచో మనుష్యుల ప్రాణమే ముఖ్యము. అప్పుడు కొలతలు, ఫొటోలు తీసి ఉంచి, తరువాతనే తొలగింపుడు. మిక్కిలి ప్రాముఖ్యము గలవానిని రక్షిత కట్టడముగా ప్రకటించుటకు 1960 నాటి రాష్ట్ర చట్టము అవకాశము కల్పించుచున్నది.

నాల్గవది: సేకరించిన చరిత్రను రెండు పుటలలో వ్రాయించి గ్రామసభలో చదివింపుడు, పాఠశాలలో ఒక ప్రతి ఉంచుడు. తన ఊరి రైతు ఒకనాడు ఎంత వడ్డీకి అప్పు తెచ్చెనో తెలిసిన పిల్లవాడు రేపు తాను అప్పు పత్రముపై చేవ్రాలు చేయునపుడు దానిని చదివి చేయును.

సభ్యులారా, లక్ష రూపాయల మూలధనముతో మొదలైన సంస్థ దేశమంతట శాఖలు వేసినది. ఆ సంస్థను నిలిపినది ఆనాడు కొత్త బ్యాంకును నమ్మి, తమ కొద్దిపాటి సొమ్మును దాని బల్ల మీద పెట్టిన సామాన్యుల ధైర్యము. ఆ సామాన్యులలో ఎవరి పేరును శిలాఫలకము మీద లేదు. వారు మెట్లు ఎక్కిన భవనమును, వారి లెక్కలు వ్రాసిన పుస్తకమును భద్రపరచుట మనవంతు. వచ్చే గ్రామసభ విషయసూచికలో ఈ అంశమును చేర్పించవలసినదిగా కోరుచున్నాను.