క్రిమి చెప్పు సాక్ష్యము



నేను హైదరాబాదు పాతబస్తీలో శాలిబండ చెంత నివసించు విశ్రాంతోపాధ్యాయుడను. చాలకాలము బడిపిల్లలకు తెలుగు చెప్పితిని. వైద్యుడను గాను, శాస్త్రజ్ఞుడను గాను. అయినను ఆహారమువలన గలుగు రోగములను గూర్చియు, వాని మూలమును కనిపెట్టుటకు నేడు శాస్త్రజ్ఞులు అవలంబించుచున్న యొక మార్గమును గూర్చియు మీతో నాలుగు మాటలు చెప్పదలచితిని. ఇందుకు కారణము నా చిన్ననాట జరిగిన యొక సంగతి.

మా వీధిలో నొకయింట పెండ్లి జరిగెను. ఎండకాలము. రెండువందల విస్తళ్లు లేచినవి. మరునాడు తెల్లవారుసరికి భోజనము చేసినవారిలో సగముమందికి వాంతులు, విరేచనములు. ఒక పసిపిల్ల దక్కలేదు. అందఱును వంటవానిని నిందించిరి. అతడు దూరపు పల్లెనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవాడు. వెనుకవేసికొని మాటలాడువారు లేరు. మరల మా పేటలో నెవ్వరును అతని చేతికి గరిటె నీయలేదు. భార్యాబిడ్డలతో ఊరు విడిచిపోయెను. దోషము అతనిదో, పాలదో, బావినీటిదో, వడ్డించినవారి చేతులదో నేటికిని తెలియదు. నింద వేసినవారిలో మా తండ్రిగారును ఒకరు. “సాక్ష్యము లేకయే తీర్పు చెప్పితిమిరా” యని ఆయన వార్ధక్యమున పలుమారు బాధపడుచుండెడివారు. ఆనాడు లేని సాక్ష్యము నేడు లభించుచున్నది. దానిని చెప్పునది ఆ రోగమును కలిగించిన క్రిమియే.

అన్నపానములద్వారా మనలో ప్రవేశించు క్రిములు పెక్కు గలవు. పచ్చిగ్రుడ్లలోను సరిగా ఉడకని మాంసములోను తఱచుగా నుండునది సాల్మొనెల్లా. పశువుల ప్రేవులలో నుండు ఈ-కోలి యను క్రిమిజాతిలో కొన్ని తెగలు ప్రాణాంతకములు. మలినజలమున కలరా క్రిమి యుండును. అయితే రోగికి సాల్మొనెల్లా సోకినదని పేరు చెప్పినంతమాత్రమున మూలము తేలదు. దొంగ రామయ్య యని యొకడు చెప్పినచో, ఏ రామయ్య యని మీరు అడుగరా? ఊరిలో పదిమంది రామయ్యలుందురు. ఇంటిపేరు వలయును, తండ్రిపేరు వలయును. క్రిమికిని అట్లే వంశము తెలియవలెను.

ఆ వంశమును తెలిసికొను విధమును నాకు తెలిసిన విద్యతో పోల్చి చెప్పెదను. బాల్యమున మా గురువుగారు తాళపత్రప్రతులను సరిపోల్చుట నేర్పిరి. లేఖకుడు గ్రంథమును వ్రాయునపుడు ఒకచో అక్షరము తప్పును. ఆ ప్రతిని చూచి వ్రాసినవాడు ఆ తప్పును అట్లే దింపి, తన తప్పు మరియొకటి చేర్చును. రెండు ప్రతులలో ఒకే చోట ఒకే విపరీతమైన తప్పున్నచో, అవి రెండును ఒకే మాతృకనుండి వచ్చినవని పండితులు నిశ్చయింతురు.

పైన చెప్పిన ప్రతి క్రిమి శరీరమునందును అట్టి గ్రంథ మొకటి యున్నది. దానిపేరు డి.యన్.ఏ. ఆ లిపికి అక్షరములు నాలుగే: ఏ, టీ, జీ, సీ. సాల్మొనెల్లా గ్రంథమున సుమారు 48 లక్షల అక్షరము లున్నవి. క్రిమి రెండుగా చీలునపుడెల్ల ఈ గ్రంథమునకు నకలు పుట్టును. నకలు మిక్కిలి జాగ్రత్తగనే జరుగును. కాని అరుదుగా నొక అక్షరము మారును. ఆ మార్పు తరతరములకు నిలిచిపోవును. ఈ గ్రంథమును ఆమూలాగ్రము చదువుటనే జన్యుక్రమ నిర్ణయ మందురు.

పరీక్షాలయమున చేయు పని యిది. రోగి మలమునుండి క్రిమిని వేరుచేసి పెంచెదరు. దాని డి.యన్.ఏ.ను ముక్కలుగా యంత్రము చదువును. ఆ ముక్కలను కంప్యూటరు వరుసగా కూర్చును. ఇట్లే ఇతర రోగుల క్రిములను, వంటయింట దొరకిన క్రిమిని, అనుమానింపబడిన పదార్థములోని క్రిమిని చదివి, అక్షరమున కక్షరము సరిపోల్చెదరు. భేదము కొలది అక్షరములే యైనచో అవి దగ్గర చుట్టములు. మూలమొకటే యని తలపవచ్చును. భేదము వందలకొలది యైనచో పేరొకటే గాని వంశములు వేఱు. అమెరికాలో నిట్టి రోగములను పసిగట్టుటకు 1996లో నేర్పడిన పల్స్‌నెట్ అను పరీక్షాలయముల కూటమి, 2019నుండి ఈ సంపూర్ణపఠనమునే ప్రధానముగా గైకొన్నది.

సాక్ష్యము లేని తీర్పువలన దేశములే నష్టపోయిన కథ యొకటి వినుడు. 2011 మే మాసమున జర్మనీదేశమున ఈ-కోలిలో నొక భయంకరమైన తెగ ప్రబలెను. రక్తవిరేచనములు, పిదప మూత్రపిండములు చెడుట. సుమారు 3,800 మంది రోగగ్రస్తులైరి. 50 మందికి పైగా మృతినొందిరి. స్పెయినునుండి వచ్చిన దోసకాయలే కారణమని హాంబర్గు నగరాధికారులు ప్రకటించిరి. దోసకాయలపై ఈ-కోలి కనబడిన మాట నిజమే. కాని పరీక్షింపగా అది రోగులలోని క్రిమి గాదు, వేఱు తెగ. పది రామయ్యలలో నిరపరాధి పట్టుబడెను! ఈలోగా స్పెయిను రైతుల పంట కొనువారు లేక చెత్తకుప్పల పాలయ్యెను. కూరగాయల రైతులకు యూరపు సంఘము 20 కోట్ల యూరోలకు మించిన పరిహారము నీయవలసివచ్చెను.

నిజమైన మూలము మొలకలని తరువాత తేలెను. భోజనశాలలలో తిన్నవారిని ఒక్కొక్కరిని అడిగి, ఏ వంటకములో నేమేమి వేసితిరని వంటవారిని విచారించి, మొలకలను పట్టుకొనిరి. అదే జూన్ మాసమున ఫ్రాన్సుదేశమున బోర్డో నగరప్రాంతమునందును కొందఱు మొలకలు తిని ఆ రోగమునే పొందిరి. రెండుచోట్లను మొలకెత్తించిన వానిలో సమానమైనవి ఈజిప్టునుండి వచ్చిన మెంతులు. మన పోపుపెట్టెలో నుండు మెంతులే! ఉభయదేశముల రోగుల క్రిములను జన్యుక్రమమున చదువగా మిక్కిలి దగ్గర చుట్టములని రుజువయ్యెను. ఇందొక విశేషము గమనింపుడు. ఆ మెంతిగింజలలో క్రిమి యెన్నడును దొరకలేదు. అనగా క్రిమి సాక్ష్యమును, మనుష్యుల సాక్ష్యమును కలిసినపుడే వ్యాజ్యము తేలినది. ఒక్కటి చాలదు.

ఈ విద్య మనకు పరాయిది కాదు. మన హైదరాబాదులోని సి.సి.యం.బి. యందు డాక్టరు లాల్జీసింగుగారు కట్లపాము జాతికి జెందిన యొక పాము డి.యన్.ఏ. ఆధారముగా మనుష్యులను గుర్తించు డి.యన్.ఏ. ముద్రల పద్ధతిని 1988 ప్రాంతమున నెలకొల్పిరి. తరువాత ఆ పనికై సి.డి.యఫ్.డి. యను సంస్థ యీ నగరముననే వెలసెను. 2020 డిసెంబరులో కరోనా క్రిమి జన్యుక్రమమును చదువుటకు కేంద్రప్రభుత్వ మేర్పఱచిన పరీక్షాలయముల కూటమిలో ఈ రెండును చేరినవి. హైదరాబాదున చెలరేగిన కలరాకు సంబంధించిన 34 క్రిమి నమూనాలను పరిశోధించి 2011లో ప్రకటించిన వ్యాస మొకటి గలదు. ఆ క్రిమి ఎల్ టార్ అను తెగదైనను, పూర్వపు తెగకు జెందిన విషమును పుట్టించు భాగము దానిలో చేరియున్నదని తేల్చిరి. ఒక గ్రంథమున వేఱొక గ్రంథపు అధ్యాయము ప్రక్షిప్తమైనట్లన్న మాట.

అయినను మన పట్టణములలో నిందలు తగ్గలేదు. 2024 అక్టోబరులో హైదరాబాదున వీథి తినుబండారములు తిని పలువురు జబ్బుపడిరి. ఒక స్త్రీ మరణించెను. పిదప 30వ తేదీన తెలంగాణ ప్రభుత్వము పచ్చిగ్రుడ్లతో చేయు మయొనేజును ఒక సంవత్సరముపాటు నిషేధించెను. ముందుజాగ్రత్త మంచిదే. కాని జాగ్రత్త వేఱు, నేరనిరూపణ వేఱు. దోషియైనవాడు శిక్ష పొందుటకైనను, నిర్దోషి బయటపడుటకైనను నమూనా వలయును.

ఈ విద్యకును ఎల్లలు గలవు. 2020 డిసెంబరులో ఏలూరున 500 మందికి మించి ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయిరి. రోగుల రక్తమున సీసము, నికెలు కనబడెనని ఢిల్లీలోని అఖిలభారత వైద్యసంస్థయు, పురుగుమందుల అవశేషములు కనబడెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థయు తెలిపినవి. సీసమునకు జన్యులిపి లేదు. పురుగుమందునకు వంశము లేదు. అట్టి విషములను రసాయనపరీక్షయే పట్టవలెను.

ఇక గ్రామపెద్దలుగా మీరేమి చేయవలెను? పెండ్లియందో, జాతరయందో, అన్నదానమునందో తిన్నవారు పలువురు ఒక్కమారు జబ్బుపడినచో మొట్టమొదట రోగుల ప్రాణము చూడుడు. ఓ.ఆర్.యస్. ద్రావణము త్రాగించి ఆసుపత్రికి చేర్పుడు. మలనమూనా తీయుమని డాక్టరుగారిని కోరుడు. వీలైన మందు ప్రారంభింపకమునుపే తీయుట మేలు, కాని నమూనాకొఱకు చికిత్స నాపరాదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు వెంటనే కబురంపుడు. మిగిలిన వంటకములను ఎవ్వరిచేతను తిననీయకుడు, భయపడి పాఱబోయనీయకుడు. ఒక్కొక్కదానిని శుభ్రమైన మూతపాత్రలో నుంచి, పేరు వ్రాసి, ఫ్రిజ్జులోనో మంచుగడ్డలనడుమనో భద్రపఱచి అధికారుల కీయుడు. చదువువచ్చిన పిల్లవానిని పిలిచి, ఎవరు ఏమి తినిరి, ఏమి తినలేదు, ఎన్నిగంటలకు జబ్బుపడిరి యని వ్రాయింపుడు. జబ్బుపడనివారు ఏమి తినిరో అదియును వ్రాయింపుడు. అది సగము సాక్ష్యము.

అంతవఱకు వంటవానిపై చేయి పడకుండ చూచు భారము మీది. నింద యెప్పుడును బలహీనుని మీదికే జారును. ధర్మపీఠము మీద కూర్చుండువారు దానిని నిలుపవలెను. మా వీధిలో ఆనాడు ఒక్కరు పాయసపు గిన్నెను దాచియున్నను, ఒక్కరు జాబితా వ్రాసియున్నను, ఆ కుటుంబము ఊరు విడువవలసి యుండెడిదో కాదో తేలియుండెడిది. మీ యూళ్లలో అట్టి గిన్నె దాచబడుగాక.